ఫోను మార్చుటకు ముందు

రేడియో పెట్టె మార్చుట మనకు క్రొత్త సంగతి కాదు. ఒక కంపెనీ పెట్టె పాతబడినది, మరియొక కంపెనీ పెట్టె ఇంటికి వచ్చినది. తీగ కట్టి, ముల్లు త్రిప్పి, స్టేషను పట్టుకొంటిమి. 1963లో విశాఖపట్నమున ఆకాశవాణి కేంద్రము నెలకొన్ననాడు మర్ఫీ పెట్టె ఉన్న ఇంటను, ఫిలిప్స్ పెట్టె ఉన్న ఇంటను వినబడినది ఒకే వార్త, ఒకే పాట. పెట్టె మారినచో పాట మారదు. పెట్టె మనది, స్టేషను వేరొకరిది, రెంటికి నడుమనున్న తరంగము ఏ కంపెనీదియు కాదు. అందుచేత పెట్టె మార్చువాడు ధర, ధ్వని, చూపు అను మూడింటిని చూచుకొనిన చాలును.

నేడు చేతిఫోను మార్చువానికి అంతటి నిశ్చింత లేదు. ఒక ఆండ్రాయిడ్ ఫోనును విడిచి మరియొక ఆండ్రాయిడ్ ఫోనును కొనుట రేడియో పెట్టె మార్చుట వంటిదే. కాని ఆండ్రాయిడ్‌ను విడిచి ఐఫోనునకు పోవుట, లేదా ఐఫోనును విడిచి ఆండ్రాయిడ్‌నకు వచ్చుట వేరు. అది పెట్టెతోపాటు స్టేషనును, అలమారును, తాళపుచెవులను, కొంతవరకు ఇరుగుపొరుగును గూడ మార్చుకొనుట. వెంట వచ్చునవి ఏవి, వెనుక నిలిచిపోవునవి ఏవి అను లెక్క ముందుగా వేసికొననివారు పిమ్మట విచారింపవలసి వచ్చును. ఆ లెక్క వేయు విధమే ఈ ప్రసంగ విషయము.

భీమునిపట్నములో మా వీధిని ఒక పెద్దమ్మగారు కలరు. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నవారు. వారి భర్తయు ఉపాధ్యాయులే. రెండేండ్ల క్రిందట కాలము చేసిరి. కుమారుడు అమెరికాలో ఉన్నాడు. అతడు సంక్రాంతికి వచ్చుచు తల్లికొరకు ఒక ఐఫోను తెచ్చెను. ఆమె ఎన్నో ఏండ్లుగా వాడుచున్నది ఆండ్రాయిడ్ ఫోను. "పాతది పక్కన పెట్టేసి ఇది వాడమ్మా" అని చెప్పి, సెలవు ముగియగనే అతడు వెడలిపోయెను. క్రొత్త ఫోను అట్టపెట్టెలోనే ఉండిపోయెను. ఒకనాటి సాయంకాలము ఆమె నన్ను పిలిచి, "ఫోను మంచిదే బాబూ, కాదనను. మాస్టారి మాటలు ఇందులోకి వస్తాయా?" అని అడిగిరి.

మాస్టారు ప్రతి ఉదయమును సముద్రపుటొడ్డున నడచుచు, వాట్సాప్‌లో ఇంటికి మాటలు పంపెడివారు. "వంజరం వచ్చింది, తెమ్మంటావా?" "గొడుగు మరిచిపోయాను, వాన పట్టేలా ఉంది." అన్నియు ఇట్టివే. గాలిహోరులో సగము మాటలు వినబడనే వినబడవు. నేడు ఆ ఇంటిలో వానికి మించిన విలువగల వస్తువు లేదు. ఆమె ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. విచారించి తెలిసికొన్న సంగతులను ఇచ్చట మనవి చేయుచున్నాను.

మొదట ఆపరేటింగ్ సిస్టము అననేమో చూతము. గాజుపలక, బ్యాటరీ, కెమెరా, లోపలి చిన్న కంప్యూటరు, ఇవి ఫోనునకు శరీరము. వాట్సాప్, బ్యాంకు, పాటలు, పటములు మొదలైన ఆప్‌లు మన పనులు చేసిపెట్టునవి. ఈ రెంటికి నడుమ నుండి అన్నిటిని నడపు ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టము. రేవునకు రేవు అధికారి ఎట్టివాడో, ఫోనునకు అది అట్టిది. ఏ పడవ ఎప్పుడు ఒడ్డు చేరవలెను, ఏ సరకు ఏ గిడ్డంగిలో దింపవలెను, ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరిని ఆపవలెను, అంతయు అతని ఆజ్ఞ. ఒక ఆప్ కెమెరాను వాడుకొనదలచినప్పుడు "అనుమతి ఇత్తురా?" అని మనలను అడుగునది ఆ అధికారియే. ఒక రేవు నిబంధనల ప్రకారము కట్టిన పడవ మరియొక రేవులో నిలువదు. ఆండ్రాయిడ్‌నకై వ్రాసిన ఆప్ ఐఫోనులో నడువకుండుటకు కారణమిదే. పేరు ఒకటే, బొమ్మ ఒకటే అయినను, అవి రెండుచోట్ల రెండుమారులు కట్టిన వేర్వేరు కట్టడములు.

ఆపిల్ సంస్థ 2007లో ఐఫోనును అంగడికి తెచ్చెను. దానిలోని సిస్టమునకు ఐఓఎస్ అని పేరు. అది ఆపిల్ ఫోనులలో తప్ప మరెక్కడను దొరకదు. ఆండ్రాయిడ్‌ను రూపొందించుచున్న చిన్న కంపెనీని గూగుల్ 2005లో కొనెను. ఆండ్రాయిడ్ గల మొదటి ఫోను 2008లో వచ్చెను. దీనిని అనేక సంస్థలు తమ ఫోనులలో వాడుకొనుచున్నవి గనుక వెలలోను, రూపములోను పలు తరగతులు కలవు. మన దేశమున నూటికి తొంబదికి పైగా స్మార్టుఫోనులు ఆండ్రాయిడ్‌వే.

ఒకప్పుడు ఇవి రెండే కావు. నోకియా ఫోనులలో సింబియన్ ఉండెడిది. బ్లాక్‌బెర్రీకి తన సిస్టము తనకుండెడిది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోను ఉండెడిది. 2011లో నోకియా సింబియన్‌ను విడిచి విండోసును చేపట్టుటకు నిశ్చయించెను. ఆ విండోస్ ఫోనుల సిస్టమునకు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో పోషణ మానెను. బ్లాక్‌బెర్రీ పాత ఫోనులకు సేవలు 2022 జనవరి 4వ తేదీతో ముగిసెను. ఆ ఫోనుల గాజు పగులలేదు, మీటలు అరుగలేదు. కాని క్రొత్త ఆప్‌లు వానికై వ్రాయువారు లేకపోయిరి; ఉన్నవియు ఒక్కొక్కటిగా పని మానెను. ఫోను చెడలేదు, రేవు మూతపడినది.

రేవు మూతపడుట అననేమో భీమునిపట్నము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 17వ శతాబ్దమునుండి డచ్చివారు వర్తకము చేసిన రేవు ఇది. 1825లో ఆంగ్లేయుల పరమైనది. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన పట్టణమిది. ఓడలు లోతునీటిలో లంగరు వేసి నిలిచెడివి. సరకును పడవలపై అలలు దాటించి ఓడ కెక్కించెడివారు. ఇచ్చటినుండి ఎగుమతియైన గోగునార విదేశపు అంగళ్లలో బిమ్లిపటం జూట్ అను పేరుతోనే చెల్లెను. ఇంతలో విశాఖపట్నమున లోతైన హార్బరు త్రవ్విరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ దానిలో ప్రవేశించెను. అచ్చట ఓడ గట్టునకే వచ్చి నిలుచును. గట్టువరకు రైలు వచ్చును. భీమునిపట్నమునకు రైలుమార్గము రాలేదు. క్రమముగా ఓడలు తగ్గెను. వర్తకము దక్షిణమునకు సాగిపోయెను.

భీమిలి సముద్రము చెడలేదు. పడవవాండ్ర నేర్పు తగ్గలేదు. ఓడలు, రైళ్లు, ఏజెంట్లు, బ్యాంకులు ఒకచోటికి చేరినప్పుడు ఒంటరిగా నిలిచిన రేవు ఎంత మంచిదైనను వర్తకునకు బరువగును. అయితే రేవు మారుట అన్నియు మారుట కాదు. బస్తాలలోని సరకు బండ్లపై పోగలదు, లెక్కల పుస్తకములు సంచిలో పోగలవు. గిడ్డంగి గోడలు పోలేవు, ఏండ్ల తరబడి ఏర్పడిన పరిచయములు పోలేవు. కనుక ఫోను మార్చువాడు తన్ను తాను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. నేనున్న రేవు మూతపడుచున్నదా? నా సరకులో బండి కెక్కునది ఎంత, ఎక్కనిది ఎంత?

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ఆండ్రాయిడ్, ఐఓఎస్ అను రెండు రేవులును నేడు నిండుగా నడుచుచున్నవి. కావున ఇది పారిపోవు సందర్భము కాదు. తీరికగా ఆలోచింపదగిన సందర్భము. రెండవ ప్రశ్నకై మన సరకును మూడు రాసులుగా పోసికొందము.

మొదటి రాసి సులభముగా వచ్చునది. చుట్టముల, స్నేహితుల నంబర్లు, ఈ-మెయిలు, ఫోటోలు, క్యాలెండరు ఇందు చేరును. అయితే నంబర్లు ఎచ్చట దాచితిమో ముందు చూచుకొనవలెను. గూగుల్ ఖాతాలో దాచినవి, ఆ ఖాతాను క్రొత్త ఫోనులో తెరచినంతనే ప్రత్యక్షమగును. సిమ్‌ కార్డులోనో, పాత ఫోనులోనో మాత్రమే వ్రాసికొన్నవి అట్లు రావు. వానిని ముందుగా ఖాతాలోనికి చేర్చవలెను. ఆండ్రాయిడ్‌నుండి వచ్చువారికొరకు ఆపిల్ సంస్థ 2015లో మూవ్ టు ఐఓఎస్ అను ఆప్ వెలువరించెను. అది నంబర్లను, ఫోటోలను, సందేశములను తీగ లేకయే మోసికొని వచ్చును. ఆండ్రాయిడ్‌నకు వచ్చువారికి క్రొత్త ఫోనే మొదటిసారి తెరచినప్పుడు దారి చూపును. ఒక చిన్న మెలిక కలదు. 2017నుండి ఐఫోను తీయు ఫోటోలు హెచ్ఈఐసీ అను రూపములో ఉండును. పాత కంప్యూటర్లు కొన్ని దానిని తెరువలేవు. ఫోను సెట్టింగులలో జేపెగ్ రూపమును ఎంచుకొనినచో ఆ చిక్కు తీరును.

రెండవ రాసి శ్రమపడి తెచ్చుకొనవలసినది. వాట్సాప్ ఇందులోనిది. మన ఇండ్లలో పెండ్లి కబుర్లు, మందుల చీటీలు, పోయినవారి గొంతులు దాగియున్నవి అచ్చటనే. ఆండ్రాయిడ్‌లోని వాట్సాప్ తన నకలును గూగుల్ డ్రైవులో దాచును; ఐఫోనులోని వాట్సాప్ ఆపిల్ వారి ఐక్లౌడులో దాచును. ఒకదాని నకలును మరియొకటి చదువలేదు. అందుచేత ఎన్నో ఏండ్లు ఫోను మార్చినవారు పాత సంభాషణలపై ఆశ వదలుకొనవలసి వచ్చెడిది. 2021లో ఐఫోనునుండి ఆండ్రాయిడ్‌నకును, 2022లో ఆండ్రాయిడ్‌నుండి ఐఫోనునకును దారి ఏర్పడినది.

దారి కలదు గాని దానికి ముహూర్తము కలదు. ఆండ్రాయిడ్‌నుండి ఐఫోనునకు వాట్సాప్‌ను తెచ్చు పని, క్రొత్త ఫోనును మొదటిసారి సిద్ధపరచునప్పుడే మూవ్ టు ఐఓఎస్ ద్వారా చేయవలెను. పాలు పొంగించుట గృహప్రవేశమునాడే గాని నెల గడచిన తరువాత కాదు గదా! ముందే ఐఫోనును వాడుకలోనికి తెచ్చినవారు దానిని మరల ఖాళీ చేసి మొదటికి రావలసి యుండును. రెండు ఫోనులలోను ఒకే నంబరు ఉండవలెను. రెండును ఒకే వైఫైపై ఉండవలెను. రెంటికిని చార్జరు తగిలించి ఉంచవలెను. పని ముగిసి, పాత సంభాషణలను తెరచి, ఫోటోలు కనబడుచున్నవా, మాటలు వినబడుచున్నవా అని చూచుకొనువరకు పాత ఫోనును చెరుపరాదు. దానిని ఎక్స్‌చేంజికి ఇచ్చుటలో తొందరపడినవారికి మరల అవకాశము లేదు.

మూడవ రాసి రానిది. ఒక స్టోరులో డబ్బిచ్చి కొన్న ఆప్ రెండవ స్టోరులో చెల్లదు, మరల కొనవలెను. నెలనెల చందా కట్టు సేవలు పాత స్టోరు ద్వారా కట్టుచున్నచో, వానిని అచ్చటనే రద్దు చేయనియెడల ఫోను మారినను డబ్బు కోతపడుచునే యుండును. ఆపిల్ గడియారము ఐఫోనుతో తప్ప పని చేయదు. ఆండ్రాయిడ్‌నకై చేసిన గడియారములు పెక్కు ఐఫోనుతో కూడవు. కొన్ని ప్రత్యేకమైన ఆప్‌లు ఒక రేవుననే యుండును. సముద్రముపై పోవు మత్స్యకారులు, పంటకొనుగోలుదారులు, ప్రభుత్వోద్యోగులు తమ పనికి వలయు ఆప్ రెండవవైపున కలదో లేదో పేరు పెట్టి వెదకి చూడవలెను. చార్జరు విషయమున మాత్రము కొంత ఊరట కలదు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 మొదలుకొని ఐఫోనులకును ఆండ్రాయిడ్ ఫోనులలో వాడు యూఎస్‌బీ-సీ తీగయే సరిపోవును.

ఇక డబ్బు సంగతి. 2016 తరువాత యూపీఐ మన కూరగాయల బండివరకు వచ్చినది. యూపీఐ ఆప్ మన నంబరుగల సిమ్‌ను, మన చేతిలోని ఫోనును జతచేసి గుర్తుంచుకొనును. ఫోను మారినంతనే ఆ జత విడిపోవును. క్రొత్త ఫోనులో సిమ్ వేసి, అందుండి సందేశము పంపి, మరల నమోదు చేసికొనవలెను. భద్రతకొరకు మొదట కొంతకాలము పెద్ద మొత్తములు పంపనీయకుండుట కలదు. కావున ఆసుపత్రి బిల్లు, బడి ఫీజు కట్టవలసిన దినమున ఫోను మార్చరాదు. ఈ సందర్భమున ఎవరైన ఫోను చేసి "మీ యూపీఐ మారుస్తాము, ఓటీపీ చెప్పండి" అన్నచో అది మోసమే. ఈ మార్పునకు ఓటీపీని గాని పిన్ నంబరును గాని మరియొకరికి చెప్పవలసిన పని లేదు.

అమెరికానుండి ఫోను తెప్పించుకొనువారు మరియొకటి గమనింపవలెను. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్ము ఐఫోనులలో సిమ్‌ కార్డు పెట్టుటకు అరయే లేదు. మన సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్పించుకొనినగాని అందు మన నంబరు పలుకదు. నంబరు లేనిది యూపీఐ లేదు. మన దేశపు పెద్ద టెలిఫోను సంస్థలు ఈ-సిమ్ ఇచ్చుచున్నవి. కాని ఒకసారి మార్పించిన పిమ్మట పాత ఫోనులోని కార్డు మూగబోవును. విదేశమున కొన్న ఫోనునకు ఇచ్చట వారంటీ ఎంతవరకు వర్తించునో గూడ కొనకముందే అడిగి తెలిసికొనవలెను. పెద్దమ్మగారి కుమారుడు తెచ్చిన ఫోను ఈ జాతిదే. అట్టపెట్టె నటునిటు త్రిప్పి చూచి, "అర లేని ఫోనా!" అని ఆమె నవ్విరి.

తెలుగు సంగతి చెప్పక విడువరాదు. మన లిపిలో ఒక అక్షరము వెనుక పెద్ద సంసారమే కలదు. జ్ఞా అను అక్షరమును ఫోను తన కడుపులో జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగు తునుకలుగా దాచుకొనును. వానిని కూర్చి వత్తును క్రింద, దీర్ఘమును ప్రక్కన నిలిపి మనకు చూపునది ఆపరేటింగ్ సిస్టమే. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగునకు బదులు ఖాళీ గళ్లు కనబడెడివి. 2012లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.1నుండి తెలుగునకు స్థానము దొరకినది. ఐఫోను కథ మరింత చిత్రము. 2018 ఫిబ్రవరిలో ఈ జ్ఞా అక్షరమే, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో వచ్చినప్పుడు, ఐఫోనులలోని సందేశపు ఆప్‌లు కుప్పగూలెను. సందేశము వచ్చిన ప్రతి పర్యాయమును ఆప్ తెరువబోవుట, మూతపడుట! లోకమంతట పత్రికలు ఒక తెలుగక్షరమును గూర్చి వ్రాసెను. అదే నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ దిద్దుబాటు వెలువరించెను.

ఈ కథవలన ఒక సిస్టము మంచిదనియు మరియొకటి చెడ్డదనియు తేలదు. తప్పు లేని ప్రోగ్రాము లేదు. తప్పును ఎంత త్వరగా దిద్దుదురు, ఎన్నియేండ్లు దిద్దుచుందురు అనునదే చూడవలెను. నేడు రెంటిలోను తెలుగు చదువవచ్చును, తెలుగు మీటలతో వ్రాయవచ్చును. కాని చేతికి అలవాటైన మీటల అమరిక, నోటితో పలికి వ్రాయించు సౌకర్యము, మెనూలు తెలుగులో కనబడుట, ఇవి ఫోనునుబట్టి మారును. దుకాణమున ఫోను చేతికిచ్చినప్పుడు కెమెరా చూచి సంతోషించుటతో ఆగక, స్త్రీ, రాష్ట్రము, జ్ఞానము అను మూడు మాటలు వ్రాసి చూడుడు. ఒక వాక్యము తెలుగులో పలికి చూడుడు. అక్షరములు పెద్దవి చేసి చూడుడు. పెద్దలకొరకు కొనుచున్నచో ఆ పెద్దలనే వెంట తీసికొనిపోవుడు.

దిద్దుబాటుల కాలమును గూర్చి రెండు మాటలు. ఫోను వెలను దానికి దిద్దుబాటులు వచ్చు ఏండ్లచే భాగింపవలెను. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌నకు 2023లో గూడ ఆపిల్ భద్రతా దిద్దుబాటు పంపెను. ఆండ్రాయిడ్‌వైపున ఒకప్పుడు రెండు మూడేండ్లకే పోషణ నిలిచెడిది; 2023లో గూగుల్ తన పిక్సెల్ 8నకును, 2024లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24నకును ఏడేసి సంవత్సరముల దిద్దుబాటులు వాగ్దానము చేసెను. కాని తక్కువ వెల ఫోనులకు అంత ఆయువు ఉండకపోవచ్చును. "దీనికి ఎన్నియేండ్లు అప్‌డేట్లు వచ్చును?" అను ప్రశ్న దుకాణదారును తప్పక అడుగవలెను. దిద్దుబాటులు ఆగిన ఫోనులో బ్యాంకు ఆప్ వాడుట తాళము పాడైన బీరువాలో నగలుంచుట వంటిది.

ఇట్లు లెక్క వేసిన పిమ్మట, మారుటకు తగిన కారణములు ఏవో, తగనివి ఏవో వానియంతట అవియే తేలును. ఫోను నెమ్మదించినది అనునది తరచుగా సిస్టము దోషము కాదు. నిండిపోయిన స్థలమును ఖాళీ చేసినను, అరిగిన బ్యాటరీ మార్పించినను అది లేచి కూర్చుండును. ప్రక్కింటివారు కొనిరి అనునది కారణము కాదు. ఇంటిల్లపాదియు ఒకవైపున నుండి మనము మరియొకవైపున నుండి ఇబ్బందిపడుట కారణమే. దిద్దుబాటులు ఆగుట కారణమే. తక్కువ వెలలో ఫోను, ఏ వీధి దుకాణమునందైన మరమ్మతు కావలెననువారికి ఆండ్రాయిడ్ అనుకూలము. ఒకే సంస్థ ఫోనును, సిస్టమును కలిపి చూచుకొనవలెననువారికి ఐఫోను అనుకూలము. 2021నుండి ఐఫోనులో, ఒక ఆప్ మన జాడను ఇతర ఆప్‌లలో వెంబడింపదలచినచో ముందుగా మన అనుమతి అడుగవలెనను నియమము వచ్చినది. ఆండ్రాయిడ్‌లోను అనుమతులను ఒక్కొక్కదానిని మనమే ఇచ్చి తీసికొనవచ్చును. కాని చాలమంది ఆ పుటను తెరచియైనను చూడరు.

ఏ కంపెనీపైనను భక్తి పెంచుకొననక్కరలేదు. ఆండ్రాయిడ్‌లో తనకున్న బలమును దుర్వినియోగము చేసినదని మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు ఆ జరిమానాను నిలిపెను. పిమ్మట వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరెను. అదే గూగుల్ 2025 అక్టోబరులో, విశాఖపట్నమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి డేటా కేంద్రము నెలకొల్పుదుమని ప్రకటించెను. మన ప్రాంతమునకు ఉద్యోగములు వచ్చినచో సంతోషమే. అంతమాత్రమున మన నంబర్ల పుస్తకమును వారి చేతనే ఉంచవలెనని లేదు. వారినుండి తీసికొనవలెననియు లేదు. హార్బరు ఎవరు కట్టినను సరకు వర్తకునిది.

పెద్దమ్మగారింట మేము చేసిన పని ఇది. మొదట క్రొత్త ఫోను జోలికి పోలేదు. వారి కుమార్తె విశాఖపట్నమునుండి వచ్చి, పాత ఫోనును తీగతో కంప్యూటరునకు కలిపినది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మాటలు ఒక ప్రత్యేకమైన ఫోల్డరులో చిన్న చిన్న ఫైళ్లుగా ఉండును. వానిని చేత్తో ఎత్తి నకలు చేసికొనవచ్చును. ఆ ఫోల్డరును ముట్టుకొనక ఉన్నదున్నట్లు కంప్యూటరులోనికి తీసికొంటిమి. ఒక నకలు పెన్‌డ్రైవులో, మరియొక నకలు కుమారుని వద్ద. ఆ పిమ్మట మాస్టారి సంభాషణను తెరచి, ఎక్స్‌పోర్ట్ చాట్ అనుదాని ద్వారా మాటలతో సహా ఈ-మెయిలునకు పంపితిమి. కంప్యూటరులో ఒక ఫైలు తెరువగా గాలిహోరు వినబడెను. దాని వెనుక "వంజరం" అను మాట వినబడెను. ఎవరును కొంతసేపు మాటాడలేదు.

అటుపిమ్మట చిత్రమేమనగా, ఏ ఫోను వాడవలెనను ప్రశ్న మిక్కిలి చిన్నదైపోయినది. అంతవరకు ఆమె ఆండ్రాయిడ్‌ను అంటిపెట్టుకొని యుండినది దానిపై మక్కువతో కాదు, భయముతో. భయము తీరినంతనే ఆమె ఒక కాగితముపై రెండు వరుసలు గీసి తామే వ్రాసికొనిరి. అక్కచెల్లెండ్రు అందరును ఆండ్రాయిడ్‌లోనే ఉన్నారు. చిక్కు వచ్చినచో పొరుగింటి పిల్లవాడు చూపగలడు. నోటితో పలికి తెలుగు వ్రాయించుట అలవాటైనది. ఆ ఫోనునకు దిద్దుబాటులు మరి రెండేండ్లు వచ్చును. కుమారునితో ముఖాముఖి మాటాడుటకు వాట్సాప్ చాలును. ఐఫోను కాలేజీలో చదువుచున్న మనుమరాలికి పోయెను. ఆమె స్నేహితులందరును అచ్చటనే ఉన్నారట. "రెండేళ్ల తరవాత ఇది ముసలిదైతే అప్పుడు చూద్దాం. అప్పుడు భయం లేదుగా" అని పెద్దమ్మగారనిరి.

మరియొక ఇంటిలో ఇదే లెక్క మరియొకవిధముగా తేలవచ్చును. మారుటయే మంచిదని తేలవచ్చును. కావలసినది లెక్క వేయుట. మీ ఇంట ఫోను మార్చు ఆలోచన ఉన్నయెడల దుకాణమునకు పోవుటకు ముందు ఒక ఆదివారము తీరికగా కూర్చుండి, పోగొట్టుకొనలేనివి ఏవో వ్రాసికొనుడు. వానిని ఏ ఫోనునకును చెందని చోట, రెండు తావులందు భద్రపరచుడు. తెరచి చూచి, విని, నిశ్చయము చేసికొనుడు. అప్పుడు ఫోను మరల రేడియో పెట్టె వంటిదగును. ధర, ధ్వని, చూపు చూచుకొని మార్చుకొనవచ్చును.